కాలువ దగ్గర మొదలుపెట్టు

చిరంజీవికి,

ఆశీస్సులు. జపాన్‌లోని ఫుకుఓకా నగర చరిత్ర మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. పెద్ద తప్పులేవీ లేవు. రాజులందరూ వరుసగా వచ్చి వెళ్లారు, ఊరు మాత్రం కనిపించలేదు.

"ప్రాచీన కాలం నుంచీ" అంటూ ఎత్తుకున్న మొదటి పేరా కొట్టేయి. 1784లో షికనోషిమా దీవిలో ఒక రైతు పొలం కాలువ బాగుచేసుకుంటుంటే బంగారు ముద్ర దొరికింది. దాన్ని తీసుకెళ్లి ఎక్కడో పన్నెండో పేరాలో, అదీ బ్రాకెట్లలో పడేశావు! చదరపు ముఖం ఒక్కో వైపు 2.3 సెంటీమీటర్లు, బరువు సుమారు 109 గ్రాములు, పట్టుకునే చోట చుట్టుకున్న పాము. క్రీ.శ. 57లో హాన్ చక్రవర్తి ఇక్కడి 'న' రాజ్యపు దూతకు ముద్ర ఇచ్చినట్టు చైనా చరిత్ర గ్రంథంలో ఉంది. అది ఇదేనని ఎక్కువమంది పండితుల మాట. ఆ కాలువ దగ్గరే మొదలుపెట్టు.

మంగోలుల దండయాత్రల దగ్గర అందరిలాగే తుపానుతో కథ ముగించావు. 1274లో హకాటా, అంటే ఇప్పటి ఫుకుఓకాలో కలిసిపోయిన పాత రేవుపట్నం, తగలబడ్డాక, 1276లో తీరం పొడవునా సుమారు 20 కిలోమీటర్ల రాతిగోడ లేపారు. 1281లో మళ్లీ వచ్చిన సేనను హకాటా ఒడ్డున దిగనివ్వనిది ఆ గోడ, దాని మీద నిలబడ్డవాళ్లు. తుపాను ఆ తర్వాత వచ్చింది. గాలికి కట్టబెట్టిన కీర్తిలో సగమైనా రాళ్లు మోసినవాళ్లకు ఇవ్వు.

ఇంకో గోడ అసలు నీ కంట పడనేలేదు. యుద్ధాల్లో బూడిదైన హకాటాను 1587లో అప్పటి జపాన్ పాలకుడు హిదెయోషి తిరిగి కట్టించినప్పుడు, కాలిన రాళ్లనూ పగిలిన పెంకులనూ మట్టిలో కూర్చి ప్రహరీలు కట్టారు. కుషిదా ఆలయంలో అలాంటిది ఇప్పటికీ ఉంది. మట్టిలోంచి పెంకుల అంచులు తొంగిచూస్తుంటాయి. దానికి పేజీ కేటాయించినా నేను అడ్డు చెప్పను. 1945 జూన్ 19 రాత్రి బాంబులకు ఊరు మళ్లీ కాలింది కదా, ఆ పేరాను తెచ్చి దీని పక్కన పెట్టు.

పేర్ల సంగతి. 1601లో ఈ ప్రాంతపు ప్రభువు కురోదా నగమసా నకా నదికి పడమట కోట మొదలుపెట్టి, తన పూర్వీకుల ఊరి పేరు మీద ఫుకుఓకా అన్నాడు. తూర్పున వర్తకుల హకాటా. 1889లో రెండూ ఒకే నగరమయ్యాయి: నగరానికి ఫుకుఓకా పేరు, రైల్వే స్టేషనుకు హకాటా పేరు. బుల్లెట్ రైలు షింకన్‌సెన్‌లో వెళ్లినా దిగేది హకాటాలోనే. "ఫుకుఓకా స్టేషనులో దిగి" అని ఒకప్పుడు రాసి, ఒక పాఠకుడి చేత చీవాట్లు తిన్నాను.

అన్నట్టు, హకాటా, హకట, హాకత, హకాత: నాలుగు రకాలు లెక్కపెట్టాను. ఈసారి ఒకటి చాలు.