పెళ్ళినాటి గుర్తులు: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: 2006లో జరిగిన మా పెళ్ళి తాలూకు మధుపర్కాలు, బాసికాలు, గుప్పెడు తలంబ్రాలు, శుభలేఖ మా అత్తగారు ఇన్నాళ్ళూ ట్రంకుపెట్టెలో దాచి ఉంచారు. కొత్త ఇంట్లో హాలు గోడకు అన్నింటినీ ఒకే గాజు ఫ్రేములో అమర్చాలని మా కోరిక. మధుపర్కాలను ముందుగా ఉతికించాలా?
– ఒక పాఠకురాలు, భీమవరం

సమాధానం: ఉతికించవద్దమ్మా. ఆ అంచులకు అంటిన పసుపే మీ ముహూర్తానికి మిగిలిన ఆనవాలు. పసుపు మరకకు సబ్బు తగిలితే అందులోని క్షారం వల్ల ఎర్రబారుతుంది, ఎండ తగిలితే వెలిసిపోతుంది. అందువల్ల అసలు బట్టను ఏళ్ళ తరబడి వెలుతురు పడే గోడకు తగిలించడం మాకు సమ్మతం కాదు. మధుపర్కాల మీది దుమ్మును మెత్తని కుంచెతో దులిపి, గంజి లేకుండా ఉతికి ఆరబెట్టిన తెల్లని మల్లు గుడ్డలో చుట్టి, బీరువాలో ఉంచండి. గంజి ఉన్న బట్టను వెండిచేపలనే పురుగులు వెతుక్కుంటూ వస్తాయి, ప్లాస్టిక్ సంచి తేమను లోపలే పట్టి ఉంచుతుంది, ట్రంకుపెట్టె ఇనుముకు బట్ట ఆనితే తుప్పు మరక పడుతుంది, ఆ మరక సులభంగా వదలదు. ఏటా పెళ్ళిరోజున బయటికి తీసి, పిల్లలకు చూపి, పాత మడత మీదే కాకుండా వేరే చోట మడత పెట్టి దాచుకుంటే చూసిన ముచ్చటా తీరుతుంది, బట్టా నిలుస్తుంది.

ఫ్రేములోకి బాసికాలు చక్కగా నప్పుతాయి. రెండంగుళాల లోతున్న పెట్టె ఫ్రేము చేయించి, వెనుక ఆమ్లం లేని అట్ట (యాసిడ్ ఫ్రీ బోర్డు అని అడిగితే ఫ్రేములు కట్టేవారు తెప్పించి ఇస్తారు) వేయించి, దాని మీద రంగు వేయని నూలు గుడ్డ పరిపించండి. బాసికాలను జిగురుతో అంటించకుండా, వాటి దారాల దగ్గరే నూలు దారంతో రెండు మూడు కుట్లు వేసి ఆ గుడ్డకు నిలబెట్టండి. జిగురు ఎండిపోయాక తళుకులు ఒక్కొక్కటిగా రాలుతాయి, తీయబోతే అట్ట కూడా చిరుగుతుంది. కుట్టునైతే ఎప్పుడైనా విప్పుకోవచ్చు. గాజుకూ వస్తువుకూ మధ్య ఖాళీ ఉండి తీరాలి. వానాకాలంలో చెమ్మెక్కే బయటి గోడకు, కిటికీకి ఎదురుగా ఉన్న గోడకు ఈ ఫ్రేము తగిలించకండి.

శుభలేఖను మాత్రం లామినేషన్ చేయించవద్దు. వేడికి అంటుకున్న ఆ ప్లాస్టిక్‌ను మళ్ళీ ఊడదీయలేరు. రంగుల నకలు తీయించి దాన్నే ఫ్రేములో పెట్టి, అసలుదాన్ని విడిగా కవరులో ఉంచండి. నాలుగు మూలలా పెట్టిన పసుపు బొట్లు పక్క కాగితానికి అంటకుండా మడత మధ్యలో ఒక తెల్ల కాగితం పెడితే చాలు. తలంబ్రాలను జల్లించి, గాలి చొరని సంచిలో వారం రోజులు ఫ్రీజరులో ఉంచితే పురుగులు, వాటి గుడ్లు చస్తాయి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా సంచి విప్పకండి, విప్పితే గింజలకు తేమ పడుతుంది. ఆ తర్వాత బిగుతైన మూత గల చిన్న గాజు సీసాలో పోసుకోండి. నెయ్యి కలిపిన తలంబ్రాలైతే ఆ సీసాను బట్టలకు దూరంగా పెట్టండి.

ప్రశ్న: మా అమ్మగారి పెళ్ళినాటి గద్వాల చీర మడతల దగ్గర చిరుగుతోంది. ముక్కలు చేసి దిండ్ల గలేబులు కుట్టించుకోవచ్చా, లేక జరీ కొనేవారికి ఇచ్చేయడం మేలా?
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

సమాధానం: తొందరపడి కత్తెర పెట్టవద్దు. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచులు, కొంగు పట్టు. బరువైన జరీ అంచు ఏళ్ళ తరబడి లాగగా లాగగా పలుచని నూలు భాగం ముందుగా అలిసిపోతుంది కాబట్టి, చీరను హ్యాంగరుకు వేలాడదీసేవారి ఇళ్ళలో ఈ నష్టం మరింత త్వరగా కనిపిస్తుంది. ఒకసారి వెలుతురుకు ఎత్తి చూడండి. మడత గీతల వద్ద మాత్రమే పలచబడి మిగతాది గట్టిగా ఉంటే, వెనుక సన్నని నూలు గుడ్డ వేసి రఫ్పు చేయించుకుని, గుడ్డ చుట్టిన గొట్టానికి చుట్టి దాచండి. ఒళ్ళంతా పొడిబారి చేతికి ఊడివస్తుంటే, అంచులను, కొంగును విప్పించి కొత్త నూలు చీరకు వేయించుకోవడం ఉత్తమం. అప్పుడు అది మళ్ళీ కట్టుకునే చీర అవుతుంది. రోజూ నలిగే దిండు గలేబుకు ఆ కొంగును ఇవ్వడం మాకు మనసొప్పదు. జరీ కొనేవారు తూకం కట్టేది అందులోని వెండికి మాత్రమే, నేతకు కాదు. జరీ నల్లబడిందని చింతపండుతో రుద్దకండి, నాఫ్తలీన్ ఉండలు చీరకు తగిలేలా పెట్టకండి.

ప్రశ్న: 1994 నాటి మా పెళ్ళి వీడియో క్యాసెట్టు ఉంది, ప్లేయరు లేదు. దాచి ఉంచితే చాలునా?
– ఒక పాఠకుడు, విజయనగరం

సమాధానం: చాలదండీ, దీన్ని ఈ నెలలోనే చేయించండి. టేపు మీది అయస్కాంత పూత కాలంతో పాటు క్షీణిస్తుంది, తేమకు బూజు పడుతుంది. క్యాసెట్టు ప్లేయర్లను చివరిదాకా తయారుచేసిన జపాను సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఆ పని ఆపేసింది కనుక, పనిచేసే యంత్రాలు ఏటికేడు తగ్గిపోతున్నాయి. టేపు మీద తెల్లని బూజు కనబడితే ప్లేయరులో పెట్టనీయకుండా, శుభ్రం చేయడం తెలిసినవారికే ఇవ్వండి. కంప్యూటరు ఫైలుగా మార్పించిన తర్వాత రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో ఉంచి, ఒకదాన్ని వేరే ఊళ్ళో ఉన్న మీ పిల్లల దగ్గర పెట్టండి. అసలు క్యాసెట్టును పారేయకుండా, నిలువుగా నిలబెట్టి దాచండి.