మొదటి ట్యాంకు కొనబోతున్న నా మనవడికి

బిట్రగుంట
ఆదివారం పొద్దున

చిరంజీవి చిన్నోడికి తాతయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "నీ మనవడు సంక్రాంతికి వచ్చిన డబ్బులు, పుట్టినరోజు డబ్బులు అన్నీ పోగుచేసి ట్యాంకు బొమ్మ కొంటానంటున్నాడు నాన్నా, నువ్వే ఏదో ఒకటి చెప్పు" అంది. వెనకనుంచి నువ్వు "బొమ్మ కాదమ్మా, స్కేల్ మోడల్" అని అరిచావు. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు. 1978 నుంచి 38 ఏళ్లు చెన్నై దగ్గర ఆవడి ట్యాంకుల ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశాను. మా నాన్న ఇక్కడే బిట్రగుంట లోకోషెడ్డులో ఆవిరి ఇంజన్ల మీద పనిచేశాడు. మీ అమ్మ లెక్కల టీచరయింది, మీ మామ బ్యాంకులోకి పోయాడు. గ్రీజు అంటిన చేతులు మన ఇంట్లో నావే ఆఖరు అనుకున్నా. నువ్వు అలా అరిచేసరికి గుండె నిండిపోయింది. ఆ వెంటనే భయమూ వేసింది. ఆ భయం ఎందుకో కూడా ఇందులోనే రాస్తా. ఫోన్లో అయితే మధ్యలోనే "తెలుసులే తాతయ్యా" అంటావు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోటో చూశా. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మనీవాళ్ల టైగర్. లోపల ఇంజను, సీట్లు, గుండ్ల అరలు అన్నీ ఉన్న కిట్టు, ప్లాస్టిక్ ముక్కలు మనమే అతికించుకోవాలి. ఫోన్ గేములో నువ్వు నడిపే ట్యాంకు అదేనట. గొప్ప ట్యాంకే, కాదనను. కానీ మొదటిది అది వద్దు నాయనా.

టైగర్ చక్రాలు ఒకదాని మీదికి ఒకటి ఎక్కినట్టు ఉంటాయి. మొదట్లో వచ్చిన టైగర్‌కి ఒక్కో పక్క ఎనిమిది ఇరుసులు, ఇరుసుకు మూడు చక్రాలు. రెండు పక్కలా కలిపి 48. ప్రతి చక్రం అంచునా అచ్చు గీత ఉంటుంది, దాన్ని సాండ్ పేపర్‌తో రుద్ది పోగొట్టాలి. ఆ పైన ట్రాక్, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టా. ఒక్కో పక్క 96 లింకులు, మొత్తం 192. నువ్వు పంపిన కిట్టులో అవి విడివిడిగా ఉన్నాయి. ప్రతి లింకునూ కత్తిరించాలి, కత్తిరించిన చోట మొటిమలా మిగిలేది చెక్కాలి, పక్కదానితో కలపాలి. చెయ్యి తిరిగినవాడికే అది వారం పని. నువ్వు స్కూలు నుంచి వచ్చి, ట్యూషన్‌కి పోయి, మిగిలిన అరగంటలో చేస్తే దసరాకి మొదలుపెట్టింది సంక్రాంతికి కూడా ట్రాక్ దగ్గరే ఉంటుంది. తర్వాత పెట్టె అటకెక్కుతుంది. నీ చేత్తో పూర్తయిన ట్యాంకు ఒకటి నీ బీరువా మీద కనబడాలని నా కోరిక, అందుకే ఇంతగా చెబుతున్నా.

టి-55 కొను. 1/35 సైజులో, అంటే అసలు ట్యాంకులో 35వ వంతు, జపాన్ కంపెనీ టమియావాళ్లది. రష్యా ట్యాంకు, 1971 యుద్ధంలో మనవాళ్లు నడిపిన ట్యాంకు. పక్కకి ఐదే ఐదు పెద్ద చక్రాలు. పైన చిన్న రోలర్లు లేవు, ట్రాక్ నేరుగా చక్రాల మీదే వాలి ఉంటుంది. మొదటి చక్రానికీ రెండోదానికీ మధ్య ఎడం కాస్త ఎక్కువ, టి-55ని దూరం నుంచి గుర్తుపట్టేది దాన్ని బట్టే. టరెట్, అంటే ఫిరంగి ఉండి చుట్టూ తిరిగే పైభాగం, గిన్నె బోర్లించినట్టు గుండ్రంగా ఉంటుంది. ట్రాక్ బెల్టులా వస్తుంది, లింకుల గొడవ లేదు. రంగు కూడా ఒక్క ముదురు ఆకుపచ్చ చాలు, జర్మన్ ట్యాంకుల్లా మూడు రంగుల మచ్చలు వేసే పని ఉండదు. ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. మన సైన్యంలోని టి-55లకి తర్వాత్తర్వాత 105 మిల్లీమీటర్ల ఫిరంగి మార్చారు. కిట్టులో వచ్చేది పాత 100 మిల్లీమీటర్లది. 1971 నాటి ట్యాంకు అనుకుని చేస్తే ఎవరూ తప్పు పట్టలేరు.

అది దొరక్కపోతే ఎఎంఎక్స్-13 చూడు. అదీ టమియాలో ఉంది. ఫ్రాన్సువాళ్ల చిన్న ట్యాంకు, అసలుది 15 టన్నులకి మించదు. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు దీన్ని ఏఎన్-12 విమానాల్లో పెట్టి లడఖ్‌లోని చుషూల్‌కి చేర్చారు మనవాళ్లు. ట్యాంకును విమానమెక్కించి కొండల మధ్య దింపడమంటే మాటలు కాదు. రెండోదిగా అమెరికావాళ్ల షెర్మన్ చేద్దువుగాని. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధంలో పంజాబ్‌లోని అసల్ ఉత్తర్ దగ్గర డెక్కన్ హార్స్ రెజిమెంటు నడిపింది షెర్మన్లనే, ఆ రెజిమెంటు పుట్టుక మన హైదరాబాద్‌లోనే. టైగర్ మూడోది. అప్పుడు దానికి సగం డబ్బు నేనిస్తా, మాట ఇస్తున్నా.

1/72 చవగ్గా వస్తుందని దాని జోలికి పోకు. ట్యాంకు చిన్నదైతే ముక్కలూ చిన్నవవుతాయి, నీ వేళ్లకి ఇంకా ఆ అలవాటు లేదు. 1/48 మంచిదే గానీ, టమియా ఆ సైజులో మొదట్లో తెచ్చిన కొన్నిటికి అడుగుభాగం ఇనుములా బరువుగా పోతపోసిన లోహంతో ఉంటుంది. దానికి ప్లాస్టిక్ జిగురు పట్టదు. 1/35 అనే లెక్క ఎలా వచ్చిందో తెలుసా? 1960ల మొదట్లో టమియావాళ్లు పాంథర్ ట్యాంకు తయారుచేస్తూ లోపల మోటారు, బ్యాటరీలు పట్టేలా సైజు పెట్టుకున్నారు. తర్వాత కొలిచి చూస్తే ఇంచుమించు 35వ వంతు అయింది. ఆ లెక్కనే ఇప్పుడు ప్రపంచమంతా చేస్తున్నారు.

సామాన్లకి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ముక్కలు కత్తిరించే నిప్పర్, సన్న కత్తి, సాండ్ పేపర్, ట్వీజర్, ప్లాస్టిక్ సిమెంటు అనే పల్చటి జిగురు, రెండు బ్రష్‌లు, నీళ్లలో కలిసే ఎక్రిలిక్ రంగులు. జిగురూ రంగూ పెట్టెలో రావు, విడిగా కొనాలి. గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ ఇప్పుడు వద్దు. కత్తి ఎప్పుడూ బొటనవేలి వైపు లాగకు.

ఇక నా సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

1995 నవంబరు. నాతో పనిచేసే ఒకాయన తమ్ముడు సింగపూర్ నుంచి వస్తూ ఒక కిట్టు తెచ్చాడు. ఆయనకి ఓపిక లేక నాకు అమ్మేశాడు. అదీ టైగరే. లింకులు విడివిడిగా ఉన్నదే. దాంతోపాటు ఇత్తడి రేకులో కోసిన ముక్కలు, కొన్నయితే బియ్యపు గింజలో సగం లేవు. పొద్దంతా నలభై టన్నుల టి-72 ట్యాంకుకి చక్రాలు బిగించే చేతులు నావి, ఇదెంత అనుకున్నా. అందరూ పడుకున్నాక క్వార్టర్స్ ముందుగదిలో బల్ల వేసుకుని కూర్చునేవాణ్ణి. ఆ గదిలో ఒకటే ఫ్యాను. దాని కిందే చాప మీద మీ అమ్మ పడుకునేది. అప్పుడు ఐదేళ్లది.

ఫ్యాను గాలికి ఇత్తడి ముక్కలు ఎగిరిపోయేవి. రెండు అలా పోయాయి, అర్ధరాత్రి టార్చిలైటు పెట్టుకుని గదంతా పాకాను. మూడో రాత్రి ఫ్యాను ఆపేశా. బయట వాన. జల్లు బల్ల మీద పడుతోందని కిటికీలూ మూసేశా.

అప్పటికే చక్రాలు అతికించి ఉన్నాయి. లింకులు ఎక్కించబోతే కుదరడం లేదు. బల్ల మీద పెట్టి చూస్తే ఎడమపక్క చక్రాలు ఆనడం లేదు. ఒక ఇరుసు కిందికి దిగి అతుక్కుంది. ఫ్యాక్టరీలో షాఫ్టు ఎక్కించే ముందు పదిసార్లు తొడిగి చూసేవాణ్ణి, ఇంట్లో ఒక్కసారీ తొడిగి చూడలేదు. ప్లాస్టిక్ సిమెంటు ఫెవికాల్ లాంటిది కాదు నాయనా. అది రెండు ముక్కల్నీ కరిగించి ఒకటి చేస్తుంది, వెల్డింగు లెక్క. ఆరాక ఊడదీయడమనేది ఉండదు. నేను ఒప్పుకోలేదు. కార్లకి రంగు వేసే షాపులో తెచ్చిన ఎన్‌సి థిన్నర్ సీసా ఇంట్లో ఉంది. గుడ్డముక్క తడిపి చక్రాల సందుల్లో కుక్కాను, మెత్తబడితే లాగేద్దామని. మూత తీసిన సీసా పక్కనే పెట్టుకుని ఒంటిగంట దాకా కూర్చున్నా. నాకూ తల దిమ్ముగా ఉంది. నిద్ర లేక అనుకున్నా.

మీ అమ్మ లేచి కూర్చుని "నాన్నా, తల నొప్పి" అంది. అంటూనే వాంతి చేసుకుంది. ఎత్తుకుంటే మెడ వాలిపోతోంది. కళ్లు తెరుస్తోంది గానీ నన్ను చూడటం లేదు. ఆ వానలో దుప్పటి కప్పి, ఆటో కోసం రోడ్డు మీద పరుగెత్తాను. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. "మూసిన గదిలో థిన్నర్ ఆవిరి పీల్చింది, ఇంకాసేపు అయితే కష్టమయ్యేది" అన్నాడు డాక్టరు. తెల్లారేసరికి తేరుకుని ఇడ్లీ అడిగింది. మీ అమ్మమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఇంటికొచ్చి కిటికీలన్నీ తెరిచింది. జల్లు లోపలికి కొట్టి చాపలు తడిసిపోతున్నా రెండురోజులు మూయలేదు.

టైగర్ చక్రాలు కరిగి ముద్దయ్యాయి. అంతా పారేశా, టరెట్ ఒక్కటి ఉంచుకున్నా. జిగురుకి మెత్తబడ్డ చోట పట్టుకున్నానేమో, దాని పక్కన నా బొటనవేలి ముద్ర దిగి ఉంది. వేలి గీతలు ఇప్పటికీ లెక్కపెట్టొచ్చు.

ముప్ఫై ఏళ్లుగా ఆ రాత్రి గురించి ఆలోచిస్తూనే ఉన్నా. థిన్నర్ వాడటం తప్పే, కిటికీ మూయడం తప్పే. కానీ అవన్నీ తర్వాత వచ్చినవి. ఎగిరిపోయే ముక్కలు లేని కిట్టు కొని ఉంటే నేను ఫ్యాను ఆపేవాణ్ణి కాదు. ఐదు చక్రాల ట్యాంకు కొని ఉంటే అర్ధరాత్రి దాకా మొండికేసి కూర్చునేవాణ్ణి కాదు. నా చేతికి మించింది కొన్న రోజే అది మొదలైంది. అందుకేరా నీకు టైగర్ వద్దంటున్నా. డబ్బు పోతుందని కాదు.

నీ గదిలోనే చెల్లి పడుకుంటుంది. ఆ గదిలో జిగురు సీసా మూత తీయొద్దు, పగలైనా సరే. రాత్రి తొమ్మిది దాటాక ఎక్కడా తీయొద్దు. వరండాలో కూర్చో, లేదా కిటికీ తెరిచిన హాల్లో. పల్చటి సిమెంటు వాసన కూడా తలకెక్కుతుంది, సీసా చిన్నదని తేలిగ్గా తీసుకోకు. అది ఒలికిపోకుండా ఒక గిన్నెలో నిలబెట్టుకో, పని అయ్యాక చెల్లికి అందనంత ఎత్తులో పెట్టు. కార్ల థిన్నర్ ఇంట్లోకే తేవద్దు. అది ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది, దాంతో నీకు పనే లేదు. నిన్ను తిడుతున్నాననుకుంటావేమో. తిట్టడం కాదు, ఇది రాస్తుంటే నా చెయ్యి వణుకుతోంది.

అతికించే పద్ధతి చెబుతా, ఇది నిజంగా అందమైన పని. ముక్కని ఫ్రేము నుంచి ఒక్క కోతలో తీయకు. మొదట కాస్త దూరంగా కత్తిరించు, తర్వాత దగ్గరగా. మిగిలిన మొటిమని సాండ్ పేపర్‌తో రుద్ది వేలితో తడిమి చూడు. కంటికి కనబడనిది వేలికి తెలుస్తుంది. రెండు ముక్కల్నీ జిగురు లేకుండా కలిపి వెలుతురుకి పట్టి చూడు. సందులోంచి వెలుగు వస్తే ఇంకా రుద్దాలి. వెలుగు ఆగిపోయాక గట్టిగా పట్టుకుని, సిమెంటు తడిపిన బ్రష్ కొస అతుకు మీద ఊరికే ఆనించు. పూయకు. ఆ జిగురు తనంతట తనే సందు పొడవునా పరుగెత్తి ఆ చివర తేలుతుంది. మొదటిసారి అది చూసినప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో నేను చూడాలి.

చక్రాలు అప్పుడే అతికించకు. టమియా కిట్లలో చాలావాటికి చక్రం లోపల మెత్తటి బుష్ వస్తుంది, జిగురు లేకుండా తొడిగి తీసేయొచ్చు. విడిగా రంగు వేసుకుని ఆఖర్న తొడుగు. తొడిగాక బల్ల మీద పెట్టి, ప్రతి చక్రం కిందా కాగితం ముక్క దూర్చి చూడు. ఏ చక్రం కిందా కాగితం తేలిగ్గా జారకూడదు.

రంగు వేసే ముందు సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టు, అచ్చులోంచి వచ్చిన జిడ్డు ఉంటుంది. ఎండాకాలం మన నెల్లూరు వడగాల్పుకి రంగు బ్రష్ మీదే ఎండిపోతుంది, పొద్దున్నే వేసుకోవాలి. వానాకాలం అయితే ఒక పూత పూర్తిగా ఆరేదాకా రెండోది వేయకు, రోజు పట్టినా సరే.

కిట్టు వచ్చాక పెట్టె తెరువు, ముక్కలు చూసుకో, ఇన్‌స్ట్రక్షన్ కాగితం రెండుమూడుసార్లు చదువు. కత్తిరించడం మాత్రం ఇక్కడికొచ్చాకే. దసరా సెలవులకి అమ్మనీ చెల్లినీ తీసుకుని పొద్దున రైలుకి వచ్చేయ్. వరండాలో నా పాత బల్ల కడిగించి ఉంచాను, తూర్పు వెలుతురు పదకొండు దాకా ఉంటుంది. ఆ టరెట్ కూడా తీసి పెట్టా, చూద్దువుగాని. ఈ ఉత్తరం మీ అమ్మ అడిగితే చూపించు, దాచకు. బొగ్గు ఫిల్టరున్న మాస్కులు కూడా కొన్నా, నీకొకటి, నాకొకటి. పక్కన కూర్చుంటానంటుందని మీ అమ్మకీ ఒకటి కొన్నా.

ప్రేమతో
తాతయ్య