మా గుంటడు షెడ్డుకే పోతానంటున్నాడు

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. పాత పికప్‌లో కూరగాయలు పాతపట్నం, టెక్కలి తోలుతుంటాను. రెండు నెలలుగా లోడుతో ఎత్తు ఎక్కితే బండి ఆగిపోయేది, ఐడిల్‌లో వణికేది. ఇద్దరు మెకానిక్‌లు డీజిల్ పంపు దించాల్సిందేనన్నారు. టెన్త్ పాసైన మా గుంటడు రెండు ఆదివారాల్లో బాగుచేశాడు. పొద్దున్నే తెల్లపొగ మాత్రం ఇంకా వస్తోంది. ఇప్పుడు ఐటీఐలో మెకానిక్ చదువుతానంటున్నాడు. మా బావమరిది విశాఖలో మూడు నెలల ఈవీ (ఎలక్ట్రిక్ బండ్ల) కోర్సులో చేర్చమంటున్నాడు. ఐటీఐనా, డిప్లొమానా, ఈవీనా? ఒడియా మీడియం చదువు, బయట పనికొస్తుందా? జీవితమంతా గ్రీజు చేతులేనా అని మా ఆవిడ ఏడుస్తోంది.

జవాబు: ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి. కోర్సు గురించి అడుగుతారు, అసలు బాధ చివరి వాక్యంలో ఉంటుంది. ఏడ్చేది మీ ఆవిడేనని రాశారు గానీ, ఆ భయం మీదేననిపించి మీరిచ్చిన నంబరుకు ఫోన్ చేశాను. మీవాడితోనే అరగంట మాట్లాడాను.

పంపు దించమన్నవాళ్లు బండి కింద చూసి, డీజిల్ ఎక్కడా కారడం లేదు కాబట్టి పైపులు బాగున్నాయన్నారట. మీవాడికి అక్కడే అనుమానమొచ్చింది. ట్యాంకు నుంచి వచ్చే పైపు డీజిల్‌ని పీల్చుకునే పైపు. దానికి పగులుంటే డీజిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి పోవచ్చు. ముందు ఫిల్టర్ మార్చాడు, తగ్గలేదు. ట్యాంకు మూత వదులు చేసి నడిపించాడు, అయినా ఆగింది. అంటే మూతలోని గాలి రంధ్రం పూడిపోలేదు. అప్పుడు ఫిల్టర్‌కీ పంపుకీ మధ్య లోపల ఏముందో కనిపించే జానెడు పారదర్శక ప్లాస్టిక్ పైపు తగిలించి చూస్తే, డీజిల్‌తో పాటు బుడగలు. వెతుక్కుంటూ వెనక్కి వెళ్తే ట్యాంకు దగ్గర క్లిప్పు కింద రబ్బరు పైపు ఎండి పగిలింది. అది మార్చాక బండి ఆగడం మానేసింది.

వణుకు మాత్రం పోలేదు. ఇంజిన్ నడుస్తుండగా నాజిల్ (డీజిల్‌ని సిలిండర్‌లోకి చిమ్మేది) పైపుల నట్లు ఒక్కొక్కటీ కాస్త వదులు చేసి మళ్లీ బిగించాడు. ఒకటి, రెండు, నాలుగు వదులు చేసినప్పుడు ఇంజిన్ కుంగింది. మూడోదానికి తేడాయే లేదు. ఆ సిలిండర్ పనిచేయడం లేదన్నమాట. ఆ ఒక్క నాజిల్ విప్పి పంపు షాపులో టెస్ట్ చేయిస్తే, తుంపరగా కొట్టాల్సింది చుక్కలుగా కారుతోందట.

(వాడికి ఫోన్లో చెప్పాను, మీరూ వినండి: ఈ పద్ధతి పాత మెకానికల్ పంపు బండ్లకే. కొత్త కామన్ రైల్ ఇంజిన్ల (అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి అధిక ఒత్తిడితో డీజిల్ అందేవి) మీద ఆ నట్లు ముట్టుకోకూడదు. వెయ్యి బార్ కూడా దాటగల ఒత్తిడితో వచ్చే డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.)

ఆ ఆదివారం మీరేం చేశారో కూడా చెప్పాడు. "ఇదేం పనిరా" అని చేతిలో స్పానర్ లాక్కున్నారట. ఇప్పుడు అదే బండిలో టెక్కలి సంతకెళ్తున్నారు. పంపు ఖర్చు మిగిల్చిన కొడుకుతో బాగుందనే మాట అన్నారా? అనలేదని వాడి గొంతులోనే తెలిసింది. నాకు కోపమొచ్చింది, దాచుకోను.

ఇక ఈవీ. మీ బావమరిది మంచే కోరాడు. నాకు మాత్రం ఈ మూడు నెలల కోర్సుల మీద గురి కుదరడం లేదు. సర్టిఫికెట్ పట్టుకొచ్చిన పిల్లల్ని మల్టీమీటర్‌తో ఎర్త్ లూజుందో లేదో చూడమంటే దిక్కులు చూస్తున్నారు. బజార్లో తిరిగే ఈ-రిక్షాలో ఎక్కువగా 48 వోల్టులే. చాలా ఎలక్ట్రిక్ కార్లలో 300 వోల్టులు దాటుతుంది, అక్కడ తెలిసీ తెలియక చెయ్యి పెడితే మనిషే మిగలడు. ఒకప్పుడు మొబైల్ రిపేరు కోర్సుల మీద కూడా ఇదే మోజు చూశాను. ఎలక్ట్రిక్ బండ్లు రావని నేననను, వస్తున్నాయి. కానీ రేపు వాటినీ బాగుచేసేది తప్పెక్కడుందో ఒక్కొక్కటీ తేల్చుకుంటూ పోయేవాడే. 2020 ఏప్రిల్ నుంచి వస్తున్న బీఎస్-6 (పొగ కాలుష్యం మీద కొత్త ప్రమాణం) డీజిల్ బండ్లలో కూడా సగం పని సెన్సార్లు, వైరింగే. కరెంటు పాఠం వాడికి ఎలాగూ తప్పదు, అది పునాది నుంచి నేర్చుకోనివ్వండి.

పోల్చి చెప్పమన్నారు కదా. ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ ఏడాది, మోటార్ వెహికల్ మెకానిక్ రెండేళ్లు. నేనైతే రెండోదే అంటాను. రెండేళ్ల ఐటీఐ తర్వాత డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి ఉంది, అక్కడి నుంచి బీటెక్‌కీ ఉంది. ఇప్పుడే మూడేళ్ల డిప్లొమాలో చేర్చినా తప్పు లేదు, కాకపోతే వాడికి చేతి పని కావాలి. బరంపురం ప్రభుత్వ ఐటీఐని ఒకసారి వాడితో కలిసి వెళ్లి చూడండి, షెడ్డు చూస్తే మీకే టెన్షన్ తగ్గుతుంది. ఒడియా మీడియం అని దిగులొద్దు. ఐటీఐ పాసైతే వచ్చే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ దేశమంతా చెల్లుతుంది, విశాఖలోనైనా సరే. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా వచ్చిన కుర్రాడికి సరిహద్దు రెండు వైపులా పని దొరుకుతుంది. చదువు అయ్యాక అప్రెంటిస్‌గా చేరితే స్టైపెండ్ కూడా ఇస్తారు. గ్రీజు సబ్బుతో పోతుందని మీ ఆవిడకు చెప్పండి.

తెల్లపొగ సంగతి బరంపురంలో పంపు షాపు నడుపుతున్న నా పాత విద్యార్థిని అడిగాను. ఇంజిన్ వేడెక్కాక పొగ ఆగిపోతే, మీ బండికి హీటర్ ప్లగ్గులు (చల్లటి ఇంజిన్‌ని స్టార్టు చేసేటప్పుడు వేడిచేసేవి) ఉంటే ముందు అవి చూడమన్నాడు. వేడెక్కాక కూడా వస్తూ, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే మాత్రం హెడ్ గాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ హెడ్‌కీ మధ్య ఉండే సీలు) అనుమానించాలట. ఈ ఆదివారం మీవాణ్ణే చూడమనండి. స్పానర్ లాక్కోకండి, టార్చి పట్టుకోండి.