చర్చ పెడితే తరగతి చేయి దాటిపోతోంది, నేను టీచర్‌గా పనికివస్తానా?

ప్రశ్న: ఉపాధ్యాయ శిక్షణలో ఉన్నాను. బోధనాభ్యాసంలో భాగంగా ఏడో తరగతికి సైన్స్ చెబుతున్నాను. పిల్లలతో మాట్లాడించాలని చర్చ పెడితే అయిదు నిమిషాల్లో తరగతి సంతలా మారుతోంది. కేకలేసి ఆపితే ఎవరూ నోరు విప్పడం లేదు. గట్టి గొంతు లేని నాకు ఈ వృత్తి సరిపడుతుందా?

జవాబు: సరిపడుతుంది. గొంతు గురించి బెంగ వదిలేయండి. చర్చ అదుపు తప్పడానికి చాలాసార్లు కారణం మనం వేసే ప్రశ్నే. ‘ఉష్ణం గురించి చర్చించండి’ అంటే పిల్లలు ఒక నిమిషం ఉష్ణం గురించి, ఆ తర్వాత నిన్నటి ఆట గురించి మాట్లాడుకుంటారు. తప్పు వాళ్లది కాదు.

ఇలా చేసి చూడండి. ఒకే పరిమాణంలో ఉన్న రెండు మంచు ముక్కలు తీసుకోండి. ఒకదాన్ని పళ్లెంలో అలాగే వదిలేసి, రెండోదానికి మందపాటి ఉన్ని గుడ్డ చుట్టండి. ఏది ముందు కరుగుతుంది? జవాబూ కారణమూ ఎవరికివారే, మాట్లాడకుండా నోటు పుస్తకంలో రాయాలి. ఈ మౌన నిమిషాన్ని మాత్రం ఎప్పుడూ వదులుకోకండి. రాసుకున్న పిల్లకు చెప్పడానికి సొంత మాట ఉంటుంది. లేదంటే ముందు బెంచీవాళ్ల మాటే అందరి మాట అవుతుంది. తర్వాత పక్కవారితో రెండు నిమిషాలు మాట్లాడించి, చేతులెత్తించి, లెక్క బోర్డు మీద వేయండి.

‘ఉన్ని వెచ్చగా ఉంటుంది కదా, అందులోదే ముందు కరుగుతుంది’ అనేవాళ్లు సాధారణంగా ఉంటారు. వెంటనే సరిదిద్దకండి. వేరేలా రాసినవాళ్లను జవాబు చెప్పమనండి. వాదన ముదిరాక గుడ్డ విప్పి చూపించండి. ఉన్ని వేడిని పుట్టించదని, పోగుల మధ్య చిక్కుకున్న గాలి బయటి వేడిని త్వరగా లోపలికి పోనివ్వదని అప్పుడు వాళ్లచేతే చెప్పించవచ్చు. అందరూ మొదటే సరిగ్గా రాస్తే చర్చ అక్కర్లేదు, ముందుకు వెళ్లండి. దాదాపు అందరూ తప్పు రాస్తే పాఠం మళ్లీ చెప్పాలి. అభిప్రాయాలు చీలినప్పుడే చర్చకు పని ఉంటుంది. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990ల నుంచి భౌతికశాస్త్రాన్ని దాదాపు ఈ పద్ధతిలోనే బోధించారు.

అడిగాక ఆగడం కూడా నేర్చుకోవాలి. సైన్స్ తరగతులను గమనించిన అమెరికా విద్యా పరిశోధకురాలు మేరీ బడ్ రో, ప్రశ్న వేశాక ఉపాధ్యాయులు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని 1970లలో చూపించారు. ఆ విరామాన్ని మూడు సెకన్లకు పైగా పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అడగకుండానే జవాబు చెప్పేవాళ్లూ పెరిగారు. మూడు సెకన్లు మొదట్లో చాలా దీర్ఘంగా అనిపిస్తాయి. మనసులో లెక్కపెట్టుకోండి.

ఇక క్రమశిక్షణ. ఆపే సంకేతం ఏదో చర్చకు ముందే చెప్పండి, చేయి పైకెత్తడమైనా చాలు. గడువు బోర్డు మీద రాయండి. ఆరుగురి బృందాలు ఇప్పుడే వద్దు, ఇద్దరిద్దరితో మొదలుపెట్టండి. పరికరాలు చేతికిచ్చాక సూచనలు ఎవరూ వినరు కాబట్టి సూచనలు ముందు, పరికరాలు తర్వాత. గోల ఎక్కువైతే ఒక బల్ల దగ్గరికి వెళ్లి చెవి పెట్టండి. ‘ఎందుకంటే’ అనే మాట వినిపిస్తుంటే కాసేపు సాగనివ్వండి. వినిపించకపోతే చేయెత్తి ఆపండి.

కొన్ని వారాల అనుభవంతో వృత్తి మార్చుకునే నిర్ణయం తీసుకోకండి. అనుభవమున్న టీచర్ అనుమతి తీసుకుని వెనక బెంచీలో కూర్చోండి. చర్చను ఏ మాటతో మొదలుపెడుతున్నారో, ఎలా ముగిస్తున్నారో రాసుకోండి. మీ ప్రతి పాఠానికీ ఇలాంటి ప్రశ్న ఒక్కటి తయారుచేసి, పిల్లలు ఇచ్చిన తప్పు జవాబులతో సహా దాచుకోండి. రేపు ఉద్యోగానికి నమూనా పాఠం చెప్పమన్నప్పుడు అందులోంచే ఒకటి ఎంచుకోవచ్చు.