ముందు షో చూపించండి, తర్వాత ముక్కలు పంచండి

"పేకాట, డార్ట్స్ లాంటి ఇంట్లో ఆడుకునే ఆటల రూల్స్ కొత్తవాళ్లకి తొందరగా ఎలా నేర్పాలి? చెప్పడం మొదలుపెట్టగానే మా పిల్లలు లేచి వెళ్లిపోతున్నారు" అని అడిగారు. తప్పు పిల్లలది కాదండి. వాళ్ల స్థానంలో నేనున్నా లేచిపోతాను.

నేర్పేవాళ్లందరూ చేసే పొరపాటు ఒకటే. మొదటినుంచి మొదలుపెడతారు. పేకలో యాభై రెండు ముక్కలుంటాయి, నాలుగు రంగులుంటాయి, ఇది ఇస్పేటు, ఇది కళావరు, ఎవరు ముందు పంచాలంటే... ఇలా పావుగంట. వినేవాడికి అసలు ఏం చేస్తే గెలుస్తాడో తెలీదు. అది తెలియకుండా ఇవన్నీ ఎందుకు గుర్తుపెట్టుకుంటాడు? ఆట ఎలా అయిపోతుందో ముందు చూపించాలి. మిగతావి అవసరం వచ్చినప్పుడు అవే వస్తాయి. ఇది నేను కనిపెట్టింది కాదు, మా మామ్మ పద్ధతి. దీనికి మించిన పద్ధతి ఇంకొకటి ఉందని నాకెవరూ ఇంతవరకు నిరూపించలేదు.

మాది అమలాపురం దగ్గర ఒక పల్లెటూరు. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను మా వైపువాళ్లకి ఎవరికీ చెప్పక్కర్లేదు. అప్పుడు నాకు పదేళ్లు. తెల్లారి తలుపు తీస్తే దొడ్లో వెలుతురు ఎక్కువైపోయింది. ఎందుకో మొదట అర్థం కాలేదు. చెట్లు లేవు, అందుకని. పద్దెనిమిది కొబ్బరిచెట్లలో నాలుగు నిలబడ్డాయి, వాటిలో ఒకదానికి తల లేదు. కరెంటు స్తంభాలు వీధి పొడుగునా పడుకున్నాయి. ఇంకో మూడు రోజుల్లో దీపావళి. ఆ ఏడు టపాకాయల మాట ఎవరూ ఎత్తలేదు.

పగలంతా మగవాళ్లు పడిపోయిన చెట్లు నరుక్కుంటూ, ఆడవాళ్లు తడిసిన బియ్యం, బట్టలు ఆరబెట్టుకుంటూ సరిపోయేది. చీకటి పడితే మాత్రం ఏం చెయ్యాలో ఎవరికీ తోచేది కాదు. బడి లేదు, టీవీ లేదు, కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు. మూడో రోజు రాత్రి మామ్మ తన ట్రంకుపెట్టె తీసి, పట్టుచీరల కిందనుంచి రెండు పేకలు బయటికి లాగింది. మామ్మ దగ్గర పేకలున్నాయని మా నాన్నకే తెలీదు!

ఒకటి ఎర్ర పేక, ఒకటి నీలం పేక. రెండూ అంచులు అరిగి మెత్తబడిపోయి, కలుపుతుంటే చప్పుడే వచ్చేది కాదు. నీలం పేకలో కళావర్ తొమ్మిది ఎప్పుడో పోయింది. దాని బదులు ఎవరిదో శుభలేఖ కత్తిరించి పెట్టుకుంది. మూల మీద పసుపు మరక ఉండిపోవడంతో ఆ ముక్క ఎవరి చేతిలో ఉందో చాప చుట్టూ కూర్చున్న అందరికీ తెలిసిపోయేది. దాన్ని దాచుకోవడమే ఒక విద్య. రెండు వేళ్ల మధ్య ఆ మూలని కప్పి పట్టుకునేదాన్ని. అయినా బాబాయ్ కనిపెట్టేసేవాడు.

అసలు విషయానికొస్తాను. రమ్మీ నేర్పడానికి హరికెన్ లాంతరు పక్కన తుంగచాప మీద మామ్మ పదమూడు ముక్కలు వెల్లకిలా పరిచింది. ఆటీన్ నాలుగు, ఐదు, ఆరు, ఏడు. పక్కన ఇస్పేట్ జాకీ, రాణి, ఏ ముక్క బదులైనా చెల్లే జోకర్ ఒకటి. తర్వాత మూడు తొమ్మిదులు, మూడు రెళ్లు. "ఇదిగో, చేతిలో ముక్కలు ఇలా కుదిరితే ఆట అయిపోయినట్టు. దీన్నే షో అంటారు. సరిగ్గా చూసుకోండి" అంది. అంతే చెప్పింది.

మేం నలుగురు పిల్లలం కాసేపు చూశాం. అప్పుడు ఆటీన్ ఐదు తీసేసి, "ఇప్పుడేం పాడైంది?" అని అడిగింది. మధ్యలో ఐదు లేదన్నాం. ఆ ఖాళీలో ఇంకో జోకర్ పెట్టి, "ఇప్పుడో?" అంది. సరిపోయిందన్నాం. "సరిపోలేదు. ఒక్క సీక్వెన్సైనా, అంటే ఒకే రంగులో వరస ముక్కలు, జోకర్ లేకుండా ఉండాలి. అది లేకపోతే మిగతావి ఎంత బాగున్నా దండగే" అంది. తర్వాత మూడు తొమ్మిదుల్లో డైమండ్ తొమ్మిది తీసి, అక్కడ ఉన్న ఇస్పేట్ తొమ్మిది పక్కన రెండో పేకలోని ఇస్పేట్ తొమ్మిది పెట్టింది. "ఒకే అంకె ముక్కలు కలిస్తే సెట్టు. అందులో ఒకే రంగు రెండుసార్లు వస్తే సెట్టు కాదు" అంది. పది నిమిషాల్లో రమ్మీ వచ్చేసింది. పేకలో ఎన్ని ముక్కలుంటాయో నాకు ఆ తర్వాత ఎప్పుడో తెలిసింది, అది తెలియకపోవడం వల్ల నష్టమేమీ జరగలేదు.

నష్టం వేరే దగ్గర జరిగింది. పందెం చింతపిక్కలు, తలా వంద. రెండు రాత్రులయ్యేసరికి నా దగ్గర నలభై ఆరు మిగిలాయి. ఆ రోజు నా చేతిలో ముక్కలు చకచకా కుదిరాయి. కళావర్ ఏడు, ఎనిమిది, జోకర్, పది ఒక వరస. మూడు నాలుగులు, మూడు జాకీలు. జోకర్ లేని సీక్వెన్స్‌గా డైమండ్ రాజు, ఆసు, రెండు. చేతులు వణుకుతున్నాయి. ముక్క బోర్లా కొట్టి "షో!" అని ఇంటి కప్పు ఎగిరిపోయేలా అరిచాను. అప్పటికే వంటింటి మీద పెంకులు సగం లేవనుకోండి.

బాబాయ్ ముక్కలు చూసి నవ్వడం మొదలుపెట్టాడు. రాంగ్ షో. రాజు, ఆసు, రెండు సీక్వెన్స్ కాదట. ఎందుకు కాదని ఏడుపు గొంతుతో పోట్లాడాను. గడియారంలో పన్నెండు తర్వాత ఒకటి వస్తుంది కదా, రాజు తర్వాత ఆసు వస్తే ఆసు తర్వాత రెండెందుకు రాకూడదు? మామ్మ నా ముక్కలు సర్దుతూ, "ఆసు రాజు పక్కనైనా కూర్చుంటుంది, రెండు పక్కనైనా కూర్చుంటుంది. ఇద్దరి మధ్యన మాత్రం కూర్చోదే" అంది. రాణి, రాజు, ఆసు చెల్లుతుంది. ఆసు, రెండు, మూడు చెల్లుతుంది. నాది చెల్లలేదు. జోకర్ లేని ఒక్క సీక్వెన్సూ పోయింది కాబట్టి ఫుల్ కౌంట్, అంటే పూర్తి జరిమానా, ఎనభై పిక్కలు. నా నలభై ఆరూ లాక్కుని, బాకీ ముప్పై నాలుగని తలుపు వెనక బొగ్గుతో రాసింది. మర్నాడు చింతపండు ముందేసి గింజలు తీయించి మరీ వసూలు చేసుకుంది. మనవరాలని చూడలేదు!

ముందే ఆ రూల్ చెప్పి ఉంటే నాకు ఆ ఎనభై పడేది కాదు కదా, మీ మామ్మ పద్ధతిలో లోపం అదే కదా అంటారేమో. కాదండి. ముందే చెప్పి ఉంటే ఆ రాత్రే మర్చిపోయేదాన్ని. ఇప్పటికీ ఎక్కడ ఆసు కనిపించినా ముందు దాని రెండు పక్కలా చూస్తాను.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్రపట్టదు. అదే ఆట వీధరుగు మీద మగవాళ్లు ఆడితే కాలక్షేపం. లోపల చింతపిక్కలతో మేం ఆడితే "ఆడపిల్లలకి పేకాటేంటి, ఇల్లు గుల్లవుతుంది" అని పెద్దనాన్న కేకలు. ఇల్లు గుల్ల చేసింది తుపాను, మేం కాదు. పైగా రమ్మీ తెలివితో ఆడే ఆటని సుప్రీంకోర్టే 1967లో అంది, అదీ మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే. పడిన ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తెలియాలి అని తీర్పులో రాశారు. మామ్మకి ఆ తీర్పు తెలిసుంటే పెద్దనాన్న పని అయిపోయేది.

డబ్బు పెట్టి ఆడటం వేరే సంగతి. దాన్ని నేను సమర్థించను. మా బంధువులబ్బాయి ఒకడు ఫోన్‌లో రమ్మీ ఆడి బైక్ అమ్ముకున్నాడు. వాడిని ఒకసారి చాప మీద కూర్చోబెట్టి నిజం ముక్కలిస్తే, పదమూడు ముక్కలు చేత్తో పట్టుకోవడం రాలేదు. ఫోన్‌లో అయితే యాప్ అన్నీ అదే సర్దిపెడుతుంది, ఏది సీక్వెన్సో అదే రంగేసి చూపిస్తుంది. రూల్స్ యాప్‌కి వచ్చు, డబ్బు మాత్రం వీడిది. మన రాష్ట్రంలో 2020లో అలాంటివి ఆపారు, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. అప్పటికే వాడి బైక్ వెళ్లిపోయింది. సంక్రాంతికి కోడిపందేల బరుల పక్కన వేసే గుండాట, లోనా బయట లాంటి జూదాలు కూడా అంతే. రూల్ అరనిమిషంలో వచ్చేస్తుంది, ఇక అందులో నేర్చుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే వాటి దగ్గరకి మా పిల్లల్ని పోనివ్వను.

మరీ చిన్నపిల్లలైతే రమ్మీ వద్దు, గాడిద ఆట పెట్టండి. అక్కడ కూడా ముందు చెప్పాల్సింది చివర్నే: అందరి ముక్కలూ అయిపోయాక చేతిలో ముక్కలు మిగిలినవాడు గాడిద. ఇది వినగానే ఐదేళ్ల పిల్లాడు కూడా నిటారుగా కూర్చుంటాడు. వేసిన రంగే వెయ్యాలి, ఆ రంగు లేనివాడు వేరే రంగుతో కట్ కొడితే అప్పటిదాకా పడినవన్నీ పెద్ద ముక్క వేసినవాడు మోయాలి అనేవి రెండు చుట్లలో వాడే పట్టేస్తాడు.

డార్ట్స్ గురించి కూడా అడిగారు కదా. మొన్న పండక్కి మా తమ్ముడి కొడుక్కి రాజమండ్రిలో మాగ్నెట్ బాణాల బోర్డు కొన్నాను. అసలైన బోర్డుకి సూది బాణాలుంటాయి, పిల్లలున్న ఇంట్లో వద్దు. డబ్బాలో వచ్చిన రూల్స్ కాగితం మీద అక్షరాలు ఆవగింజల్లా ఉన్నాయి. మా మావయ్య కళ్లజోడు పెట్టుకుని దాన్ని పైకి చదవడం మొదలుపెట్టాడు. బోర్డు మధ్యభాగం నేలనుంచి ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, నిలబడే గీత ఏడడుగుల తొమ్మిదింపావు అంగుళాలు... పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మావయ్య, నేను, కాగితం మిగిలాం.

పిల్లల్ని వెనక్కి పిలిచి మామ్మ పద్ధతి పెట్టాను. పెద్దాటలో 501తో మొదలుపెట్టి, ఒక్కో వంతుకి మూడు బాణాలేసి, పడిన అంకెలు తీసేసుకుంటూ సరిగ్గా సున్నాకి రావాలి. ఆఖరి బాణం డబుల్ గడిలో, అంటే బయటి అంచున ఉన్న సన్నటి వలయంలో పడాలి. ఇదేమీ చెప్పలేదు. పలక మీద 40 అని రాసి, బోర్డు పైన ఇరవై అంకె కింద ఉన్న ఆ సన్నగడి చూపించి, "దీంట్లో కొడితే రెండిరవైలు నలభై, ఆట అయిపోయింది" అన్నాను. మళ్లీ 32 రాసి పదహారు దగ్గరి సన్నగడి చూపించాను. అది తప్పి మామూలు పదహారులో పడితే పదహారు మిగులుతుంది, అప్పుడు డబుల్ ఎనిమిది. అదీ తప్పి మామూలు ఎనిమిదిలో పడితే డబుల్ నాలుగు. ముప్పై రెండు మిగుల్చుకోవడంలో ఉన్న సుఖం అదే. పిల్లలు దాన్ని వాళ్లంతట వాళ్లే కనిపెట్టారు. మిగిలినదానికంటే ఎక్కువ పడితేనో, చివరికి ఒకటి మిగిలితేనో ఆ వంతు మొత్తం చెల్లదని మాత్రం కొట్లాట జరిగాకే చెప్పాను. 40 అయ్యాక 100, తర్వాత 301. 501 దాకా రెండు రోజులు పట్టింది.

పెద్దవాళ్లకే కష్టమైంది. నట్టనడుమ కొడితే అన్నిటికంటే ఎక్కువని మావయ్య పట్టు. అక్కడ యాభైయే, పైన ట్రిపుల్ ఇరవైలో, అంటే ఇరవైకి మూడింతలిచ్చే గడిలో పడితే అరవై అని చెబితే, "మధ్యలో కొట్టినవాడికి తక్కువిస్తారా, ఇదేం న్యాయం?" అని గొడవ. సరే, ఇరవైకే వేస్తానని వేస్తే, దాని రెండు పక్కలా ఒకటి, ఐదు ఉంటాయి. బాణం కొంచెం పక్కకి పోయిందా, ఒకటో ఐదో. మూడుసార్లు ఒకటి పడేసరికి బోర్డు వంకరగా తగిలించారన్నాడు.

గీత ముగ్గుపిండితో వేశాం. అది మా మరదలి ఆలోచన. గీత తొక్కితే వేలికి అంటుకుంటుంది, వాదన అక్కర్లేదు. మావయ్య కొబ్బరి కొట్లో ముప్పై ఏళ్లు గుమస్తాగా చేశారు, తీసివేతలు నోటితో చేసేస్తారు. అందుకని స్కోరు ఆయనకే అప్పగించాం. పిల్లలు 301లోంచి 57 తీసెయ్యడానికి ఫోన్ వెతుక్కునేలోపు ఆయన 244 అనేసేవారు. ఆ ఒక్క దగ్గర మాత్రం ఆయన్ని ఎవరూ కొట్టలేకపోయారు.

కనుమ నాడు మధ్యాహ్నం, మా వైపు జాతర ప్రభల తీర్థానికి బయల్దేరేముందు ఆఖరి ఆట. మావయ్యకి 20 మిగిలింది, మా మేనల్లుడికి 32. మావయ్య డబుల్ పది కొట్టేశారు! చేతులు పైకెత్తి హాలంతా తిరుగుతుంటే మా వాడు నేల మీదికి వంగి, "మావయ్యతాతా, కుడికాలు చూపించండి" అన్నాడు. బొటనవేలు తెల్లగా ఉంది. మావయ్య ఆ పిండి పొద్దున వాకిట్లో ముగ్గు తొక్కినప్పటిదన్నారు. బాణం చెల్లదని మేమందరం. వాడు తన వంతులో మొదటి బాణం పదహారు కొట్టి, రెండోది డబుల్ ఎనిమిదిలో దించి, "షో!" అని అరిచాడు. డార్ట్స్‌లో షో ఉండదని చెబుదామనుకుని ఊరుకున్నాను. మావయ్య మాత్రం తీర్థంలో జీళ్లు తింటూ కూడా, ఆ పిండి పొద్దున్నదే అంటున్నారు.