ఆస్ట్రేలియా ట్రిప్ కోసం ఉన్న ఒక్క ఎఫ్‌డీ బ్రేక్ చేస్తానంటే నేనొప్పుకోను

హైదరాబాద్ మియాపూర్ నుంచి ఒకాయన రాశారు, పెద్ద మెయిల్, కొంచెం కుదించి ఇక్కడ పెడుతున్నా.

"సార్, నాకు 36 ఏళ్ళు, ప్రైవేట్ జాబ్, చేతికి 85 వేలు వస్తాయి. మా ఆవిడ టీచర్, 30 వేలు. పాప రెండో క్లాస్. ఇంటి లోన్ ఈఎంఐ 32 వేలు, ఇంటి ఖర్చు 45 వేలు, స్కూల్ ఫీజు ఏడాదికి లక్షా 8 వేలు. నెలకి 10 వేలు చీటీ కడుతున్నా, 5 లక్షల చీటీ, ఇంకా పాడలేదు, 20 నెలలు మిగిలింది. సేవింగ్స్ అంటే రెండున్నర లక్షల ఎఫ్‌డీ ఒక్కటే. మా బావమరిది మెల్‌బోర్న్‌లో ఉంటాడు, వచ్చే డిసెంబర్‌లో రమ్మంటున్నాడు. మెల్‌బోర్న్, సిడ్నీ, కెయిర్న్స్, డార్విన్ కలిపి 15 రోజులకి ఎనిమిదిన్నర లక్షలు అవుద్దని ఏజెంట్ చెప్పాడు. బ్యాంకు వాళ్ళు 6 లక్షల ప్రీ అప్రూవ్డ్ పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు, 14 శాతం, మూడేళ్ళు, ఆఫర్ ఈ నెలాఖరు వరకే. మిగతాది ఎఫ్‌డీ తీసి పెడదామనుకుంటున్నా. మా ఆవిడేమో అక్కడ పాములు, మొసళ్ళు ఉంటాయి, పాపని తీసుకుని ఎందుకు అని భయపడుతోంది. క్రెడిట్ కార్డుతో ఫ్రీగా వచ్చే ట్రావెల్ ఇన్సూరెన్స్ సరిపోద్దా? లోన్ తీసుకోవచ్చా?"

లోన్ తీసుకోకండి. ఎఫ్‌డీ అసలు ముట్టుకోకండి. ఎందుకో చెప్తా, కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఇదే ప్రశ్న దేశం పేరు మార్చి నాకు ఎంతోమంది రాస్తుంటారు, ఒకరు బాలి అంటారు ఒకరు దుబాయ్ అంటారు ఒకరు యూరప్ అంటారు, అందరూ చేసే తప్పు మాత్రం ఒకటే. వెళ్ళడానికి ఎంత అవుద్ది అనే లెక్క వేస్తారు, తిరిగొచ్చి శంషాబాద్‌లో దిగిన రోజు అకౌంట్‌లో ఎంత మిగులుద్ది అనే లెక్క ఒక్కరూ వెయ్యరు. మీ విషయంలో ఆ రోజు మిగిలేది సున్నా. పైన 6 లక్షల అప్పు.

మీ నంబర్లే తీసుకుందాం. ఇద్దరికీ కలిపి లక్షా 15 వేలు వస్తోంది. ఇంటి లోన్ 32, చీటీ 10, ఇంటి ఖర్చు 45, స్కూల్ ఫీజు నెలకి పంచితే 9, మొత్తం 96 వేలు పోతోంది, 19 వేలు మిగులుతోంది. 6 లక్షల లోన్‌కి 14 శాతం మీద మూడేళ్ళకి ఈఎంఐ దాదాపు 20,500 వస్తుంది, అంటే లోన్ మొదలైన నెల నుంచే మీరు నెలకి పదిహేను వందలు మైనస్‌లో ఉంటారు, పండక్కి బట్టలు కొనకుండా, ఎవరి పెళ్ళికీ కట్నం చదివించకుండా, బండి సర్వీసింగ్ కూడా చేయించకుండా వేసిన లెక్క ఇది. మూడేళ్ళలో వడ్డీయే లక్షా 38 వేలు దాటుద్ది. ఆ మైనస్‌ని మీరు దేంతో పూడుస్తారో నాకు తెలుసు, క్రెడిట్ కార్డుతో, బిల్లులో కనీస మొత్తం (మినిమం డ్యూ) మాత్రమే కట్టుకుంటూ, నెలకి దాదాపు మూడున్నర శాతం వడ్డీతో. ట్రిప్‌కి అప్పు చేసినవాళ్ళు ఆ ట్రిప్ అప్పుతోనే ఆగరు, దాని వెనకాలే కార్డు అప్పు వస్తుంది, నేను కూర్చోబెట్టి లెక్కలు చూసిన చాలా కుటుంబాల్లో వరస ఇదే.

నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి, మీ వయసే, ఇలాగే లోన్ మీద ఫ్యామిలీతో విదేశం వెళ్ళొచ్చాడు. వచ్చిన రెండో నెలలో ప్రాజెక్ట్ పోయింది, బెంచ్ మీద కూర్చోబెట్టి తర్వాత తీసేశారు. కొత్త జాబ్ దొరకడానికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ ఈఎంఐ బౌన్స్ అవ్వకుండా ఉండటానికి వాళ్ళ నాన్నగారి రిటైర్మెంట్ డబ్బులు తీశారు. ఆ పెద్దాయన నా ముందు కూర్చుని ఒక్క మాట కూడా అనలేదు, కొడుకు మాత్రం తలెత్తలేకపోయాడు. అందుకే ఎమర్జెన్సీ ఫండ్ గురించి, అంటే జీతం ఆగినా ఆరు నెలలు ఇల్లు నడిచే డబ్బు గురించి, చెప్పిందే చెప్తానని ఎవరైనా విసుక్కున్నా నేను మానను.

మీ ఎమర్జెన్సీ ఫండ్ ఎంత ఉండాలి? నెలకి 96 వేలు, ఆరు నెలలకి 5 లక్షల 76 వేలు. ఉన్నది రెండున్నర లక్షలు, అంటే సగం కూడా లేదు. ఆ సగం కూడా లేనిదాన్ని తీసి ట్రిప్‌లో పెడతానంటున్నారు. ఆ ఎఫ్‌డీని మీరు సేవింగ్స్ అని రాశారు చూడండి, అక్కడే మొదలైంది తప్పు. అది సేవింగ్స్ కాదు, మీ జీతం ఆగిపోతే పాప స్కూల్ ఆగకుండా ఉండటానికి పెట్టుకున్న డబ్బు. దానికి వేరే పేరు పెట్టి, వీలైతే వేరే బ్యాంకులో పెట్టి, ఇద్దరి పేర్ల మీదా జాయింట్‌గా పెట్టండి.

ఇప్పుడు మీ ఆవిడ భయం సంగతి. ఆవిడని తీసిపారెయ్యకండి, కానీ భయపడాల్సింది వేరే చోట. ఆస్ట్రేలియాలో పాము కాటుతో పోయేవాళ్ళు ఏడాదికి ఇద్దరో ముగ్గురో, అందులో ఎక్కువ ఈస్టర్న్ బ్రౌన్ అనే పాము వల్ల. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాము కాటుతో 12 లక్షల మంది పోయారని అంచనా, అంటే ఏడాదికి 58 వేలు, ఎక్కువమంది పల్లెటూళ్ళలో పొలం పనులకి వెళ్ళేవాళ్ళే. సిడ్నీ చుట్టుపక్కల ఫనల్ వెబ్ అని ప్రమాదకరమైన సాలీడు ఉంది, దానికి 1981లో విరుగుడు వచ్చాక దాని వల్ల ఒక్కరూ పోలేదు. మొసళ్ళు మాత్రం నిజంగానే జాగ్రత్తపడాల్సినవి, డార్విన్ ఉన్న నార్తర్న్ టెరిటరీలో 1971లో వేట ఆపేశాక బాగా పెరిగి ఇప్పుడు లక్ష దాకా ఉన్నాయి, నది ఒడ్డున బోర్డు ఉంటే ఆ నీళ్ళ దగ్గరికి కూడా పోకూడదు. కెయిర్న్స్ వైపు సముద్రంలో నవంబర్ నుంచి మే దాకా బాక్స్ జెల్లీఫిష్, ఇరుకాంజీ అనేవి ఉంటాయి, ఇరుకాంజీ వేలిగోరంత కూడా ఉండదు, కుట్టాక అరగంటకి ఒళ్ళంతా నొప్పులతో హాస్పిటల్ పాలవుతారు. మీరు వెళ్తానన్నది డిసెంబర్, అంటే సరిగ్గా ఆ సీజన్‌లోనే, టికెట్లు కూడా అప్పుడే ఎక్కువ రేటు.

కానీ అక్కడ వీటన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది నీళ్ళకి. 2024 జనవరిలో మెల్‌బోర్న్ దగ్గర ఫిలిప్ ఐలాండ్‌లో గార్డులు లేని బీచ్‌లో మన దేశం వాళ్ళు నలుగురు పోయారు. అదే ఏడాది జులైలో కెయిర్న్స్ దగ్గర మిల్లా మిల్లా జలపాతంలో మన ఆంధ్రా కుర్రాళ్ళు ఇద్దరు మునిగిపోయారు. బీచ్‌లో గార్డులు పెట్టే ఎరుపు పసుపు జెండాల మధ్యే దిగాలి, జెండాలు లేవంటే ఒడ్డున కూర్చోవాలి, పాపకి ఇది ఇంట్లోనే నేర్పండి.

ఇదంతా డబ్బుల సలహాలో ఎందుకు చెప్తున్నానంటే, అక్కడ ఏం జరిగినా ముందు బిల్లు మీ చేతికే వస్తుంది. వాళ్ళ ప్రభుత్వ వైద్య పథకం మెడికేర్ మనకి వర్తించదు, ఆ ఒప్పందం ఉన్న దేశాల్లో ఇండియా లేదు. మీ కంపెనీ ఇచ్చే గ్రూప్ ఇన్సూరెన్స్ ఇక్కడి హాస్పిటల్స్‌కే. అంబులెన్స్ ఎక్కితే దానికి వేరే బిల్లు. నార్తర్న్ టెరిటరీలోని కకాడు పార్క్ లాంటి చోట ఏదైనా అయితే డార్విన్ హాస్పిటల్ వందల కిలోమీటర్ల దూరం, విమానంలోనో హెలికాప్టర్‌లోనో తేవాల్సి రావచ్చు. అద్దె కారుకి సాయంత్రం కంగారూ అడ్డమొచ్చి గుద్దితే ఎక్సెస్ అని, అంటే ఇన్సూరెన్స్ ఉన్నా మీరు భరించాల్సిన వాటా, వేల డాలర్లు ముందు మీ కార్డు నుంచే కట్ అవుద్ది.

కార్డుతో వచ్చే ఫ్రీ ఇన్సూరెన్స్ మీద ఆధారపడకండి. చాలావాటిలో ఉండేది విమాన ప్రమాదం కవర్, అదీ టికెట్ ఆ కార్డుతోనే కొంటేనే, హాస్పిటల్ ఖర్చు ఉంటే నామమాత్రం. విడిగా ట్రావెల్ పాలసీ తీసుకోండి, మెడికల్ కవర్ తక్కువలో తక్కువ లక్ష యూఎస్ డాలర్లు ఉండాలి, నేనైతే మూడుగంటల దూరంలో హాస్పిటల్ ఉండే చోట్లకి వెళ్ళేవాళ్ళకి రెండున్నర లక్షల డాలర్లదే చెప్తాను, ముగ్గురికీ కలిపి ప్రీమియం కొన్ని వేలల్లోనే అయిపోద్ది. ఎమర్జెన్సీ తరలింపు ఉందా చూడండి. స్కూబా, స్కైడైవింగ్ లాంటివి చేస్తే అవి కవర్ అవుతాయా చూడండి. బీపీ, షుగర్ ఉంటే ప్రపోజల్‌లో దాచకండి. కావాలని ప్రమాదంలోకి వెళ్తే క్లెయిమ్ ఇవ్వం అని పాలసీల్లో ఒక క్లాజ్ ఉంటుంది, మొసళ్ళ బోర్డు దాటి ఫోటోకి వెళ్తే వాళ్ళు తీసేది ఆ క్లాజే.

అంత మంచి పాలసీ ఉన్నా చేతిలో డబ్బు ఉండాలి, ఇది చాలామందికి తెలీదు. హాస్పిటల్‌లో చేరితే క్యాష్‌లెస్ నడుస్తుంది, కానీ పాపకి జెల్లీఫిష్ కుట్టి ఎమర్జెన్సీలో చూపించుకుని వచ్చేస్తే చాలాసార్లు ముందు మీరు కట్టి, బిల్లులు తెచ్చుకుని, ఇండియా వచ్చాక క్లెయిమ్ పెట్టుకోవాలి. డిడక్టబుల్, అంటే క్లెయిమ్‌లో మొదట మీరు పెట్టుకోవాల్సిన వాటా, ఎలాగూ మీదే. ఫ్లైట్లు మార్చుకోవడం, ఒకరు హాస్పిటల్‌లో ఉంటే ఇంకొకరికి హోటల్, అన్నీ డాలర్లలో. ఎఫ్‌డీ ఖాళీ చేసి, కార్డు లిమిట్ టికెట్లకి వాడేసి అక్కడ దిగినవాడి దగ్గర ఆ టైంలో ఏముంటుంది? బావమరిది ఉన్నాడు కదా అంటారు, మెల్‌బోర్న్ నుంచి డార్విన్ మూడు వేల కిలోమీటర్ల పైమాట.

ఇంకో మాట, మీరు రాయలేదు గానీ ఏజెంట్లు చెప్తుంటారు, లోన్ డబ్బు అకౌంట్‌లో వేసి వీసాకి బ్యాలెన్స్ చూపిద్దామని. వీసా అధికారులు నెలల స్టేట్‌మెంట్లు చూస్తారు, ఉన్నట్టుండి 6 లక్షలు పడితే ఎక్కడిదని అనుమానం వస్తుంది. రిజెక్ట్ అయితే వీసా ఫీజు, మనిషికి 200 ఆస్ట్రేలియా డాలర్ల దాకా, తిరిగి రాదు, లోన్ ఈఎంఐ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

గోల్డ్ లోన్ వడ్డీ తక్కువే కానీ మీ ఆవిడ నగలు విహారయాత్రకి తాకట్టు పెట్టే పని కాదు. నో కాస్ట్ ఈఎంఐ ట్రిప్‌లు వద్దు, ఏ పేరు పెట్టినా అది అప్పే. చీటీ ఇప్పుడే పాడి తీసుకుంటే భారీగా తగ్గించుకోవాలి, ఆగండి. ఏడాదిన్నర కోసం షేర్లలో పెట్టే ఈక్విటీ ఫండ్‌లో నెలనెలా సిప్ వద్దు, బ్యాంకులో నెలనెలా కట్టే ఆర్‌డీ చాలు. మీకు టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటివాళ్ళకి డబ్బు వచ్చే ఇన్సూరెన్స్, ఉందో లేదో రాయలేదు, లేకపోతే టికెట్ల కంటే ముందు అది.

ట్రిప్ మానెయ్యమని నేననట్లేదు, పాప చిన్నప్పుడు మేనమామ ఇంటికి వెళ్ళి రావడం మంచి విషయం. డిసెంబర్ వదిలేసి వచ్చే ఏడాది దసరా సెలవులకి పెట్టుకోండి. 20 నెలల టైం ఉంది. నెలకి మిగిలే 19 వేలు ముందు ఎమర్జెన్సీ ఫండ్‌కే వెయ్యండి, 17, 18 నెలల్లో 5 లక్షల 76 వేలు పూర్తవుద్ది. అప్పటికి చీటీ చివరికొస్తుంది, కమిషన్ పోను నాలుగు లక్షల 75 వేల దాకా చేతికొస్తుంది, దాని మీద మిగిలిన నెలల డబ్బు కలిపితే ఐదు లక్షలు. అదే మీ ట్రిప్ బడ్జెట్, దానికి ఒక్క రూపాయి దాటకూడదు. డార్విన్ తీసెయ్యండి, సిడ్నీ కూడా అవసరం లేదు, మెల్‌బోర్న్‌లో బావమరిది ఇంట్లో వారం, కెయిర్న్స్‌లో నాలుగు రోజులు. సముద్రంలో పగడపు దిబ్బలు (రీఫ్) చూడొచ్చు, మొసళ్ళని బోటులోంచి చూడొచ్చు, దసరా నాటికి జెల్లీఫిష్ సీజన్ ఇంకా మొదలవ్వదు కాబట్టి మీ ఆవిడకీ ధైర్యంగా ఉంటుంది, అయినా పడవలో జెల్లీఫిష్ కుట్టకుండా కాపాడే స్టింగర్ సూట్ ఇస్తే వేసుకోండి. విమానం టికెట్లు ఐదారు నెలల ముందు చూసుకోండి, కొనేది కూడా అప్పటికి ఎమర్జెన్సీ ఫండ్ నేను చెప్పిన దారిలో ఉంటేనే. మధ్యలో ఏదైనా ఖర్చొచ్చి ఫండ్‌లోంచి తీయాల్సొస్తే ట్రిప్ ఇంకో ఆరు నెలలు జరపండి, ఫండ్‌ని కాదు.

నెలాఖరు ఆఫర్ పోనివ్వండి, ఆ మెసేజ్ మళ్ళీ వస్తుంది, వచ్చినా తీసుకోకండి. ఈ వారమే బావమరిదికి ఫోన్ చేసి, వచ్చే ఏడాది దసరా టైంలో అతనికి సెలవు దొరుకుద్దో లేదో కనుక్కోండి, దొరుకుద్దంటే ఎఫ్‌డీ ఉన్న బ్యాంకులోనే నెలకి 19 వేలకి ఆటో డెబిట్ పెట్టి నాకు రాయండి.