వెనక టో నిలవట్లేదా? కామ్ బోల్టు చూడండి

అలైన్‌మెంట్ చేయించిన వారానికే మీ మొదటి తరం మాజ్దా ఎమ్‌ఎక్స్-5 స్టీరింగ్ వంకరైందని, వెనక టైర్లు లోపలి అంచున అరుగుతున్నాయని, మలుపులో యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం జారుతోందని రాశారు. ఇవన్నీ వెనక టో-అవుట్ లక్షణాలేనండీ. పైనుంచి చూస్తే చక్రం ముందు అంచు బయటికి తిరిగి ఉంటే టో-అవుట్, లోపలికి తిరిగి ఉంటే టో-ఇన్. ముందు చక్రాలు ఇప్పుడే ముట్టుకోనివ్వకండి. వెనక టో ఎడమా కుడీ సమానంగా లేకపోతే బండి ఓరగా నడుస్తుంది, స్టీరింగ్ వంకరగా పట్టాల్సొస్తుంది.

వెనక లోయర్ ఆర్మ్‌కి (చక్రాన్ని బండికి కలిపే కింది చేయి) లోపలి వైపు రెండు కామ్ బోల్టులుంటాయి. వీటి కామ్ (మధ్యలో కాక ఓరగా రంధ్రమున్న బిళ్ళ) తిరిగితే చక్రం కోణం మారుతుంది. పాత బండ్లలో బోల్టు బుష్ (ఆర్మ్ చివర ఉండే రబ్బరు తొడుగు) లోని ఇనప గొట్టానికి తుప్పుతో అతుక్కుపోతుంది. తిప్పితే రబ్బరు మెలిపడుతుంది. నట్ బిగుతు కాస్త తగ్గినా ఆ రబ్బరు కామ్‌ని వెనక్కి లాగేస్తుంది. నట్ వదులు చేసి, కామ్ మీద పెయింట్ గీత పెట్టి, బోల్టు కొంచెం తిప్పి వదలండి. గీత వెనక్కొస్తే అతుక్కున్నట్టే.

తుప్పు వదిలించే నూనె కొట్టి రాత్రంతా ఉంచండి. అప్పటికీ కదలకపోతే బోల్టు రెండు పక్కలా కోసి, బోల్టు, కామ్ ప్లేటు, బుష్ కొత్తవి వేయాలి. యాంటీ-సీజ్ (బోల్టు అతుక్కుపోకుండా పూసే పేస్టు) బోల్టు కాడకి మాత్రమే, మరలకి వద్దు.

మొదట క్యాంబర్ (ముందు నుంచి చూస్తే చక్రం పక్కకి వాలిన కోణం) సరిచేయండి, తర్వాత టో. ఒకటి కదిపితే రెండోదీ మారుతుంది కాబట్టి మళ్లీ కొలవండి. రెండు చక్రాలకూ కలిపి 2–3 మి.మీ. టో-ఇన్, చెరిసగం. చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే. జాకీ మీద బిగిస్తే కొత్త బుష్ మెలిపడి చిరుగుతుంది.